తొమ్మిది అల్మారాల ఇల్లు

మహిళా హాస్టల్, కర్నూలు
9 జూన్ 2024

వదినకు శివజ్యోతి రాసేది.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరం రాయడమేంటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఈ గదిలో ఆరు మంచాలున్నాయి. నేను హలో అంటే ఐదుగురు ఊకొడతారు. అక్కడ నీ పక్కన శ్రావణి ఉంటుంది. నా మేనకోడలని చెప్పుకోవడం కాదు గానీ దాని చెవులు మహా పదును. అందుకే కాగితం. బస్టాండులో కడప బస్సుకు పార్సిల్ వేస్తే సాయంత్రానికి డిపో ఆఫీసులో నీ బల్ల మీదికే వస్తుంది. అన్న పోయాక నీకు ఆ ఉద్యోగం ఇవ్వడం వల్ల నాకు జరిగిన మొదటి లాభం ఇదే.

నెల రోజులుగా ఇల్లు వెతుకుతున్నా. పదకొండు చూశా. అందరూ నీళ్లు ఎన్ని గంటలకొస్తాయని అడుగుతారట. నేను అల్మారాలెన్ని అని అడుగుతున్నా. అడిగిన ప్రతిచోటా నన్ను ఒకసారి పైనుంచి కింది దాకా చూస్తున్నారు. వెంకటరమణ కాలనీలో ఒకాయన పాలరాయి చూపించాడు, బాత్రూము రెండుసార్లు చూపించాడు. అల్మారా ఏదండీ అంటే వంటింట్లో మసాలా డబ్బాల గూడు చూపించాడు. నా పని నీకు తెలుసు కదా. పెళ్లివాళ్ల పట్టుచీరలు తీసుకుని, ముందే కుచ్చిళ్లు పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలా మడిచి ఇవ్వాలి. ఒక్కొక్క చీర ఒకరి ప్రాణం. వాటిని మసాలా గూట్లో పెట్టనా?

నిన్న మాత్రం ఒక ఇల్లు దొరికేలా కనిపించింది. వన్‌టౌన్‌లో, తుంగభద్రకు దగ్గర సందు. తొమ్మిది అల్మారాలు వదినా! తొమ్మిదీ గోడలోనే, టేకు తలుపులు, ప్రతిదానికీ తాళం. ఒకటే చిక్కు, అన్నీ ఛాతీ ఎత్తు నుంచి మొదలై పైకి పోతాయి. కింద ఒక్క గూడు లేదు. 2009 వరదలో బీరువాలు మునిగి ఇంటిల్లిపాది బట్టలూ బురదైపోయాయట. అప్పుడు ఇంటాయన మళ్లీ నీళ్లొచ్చినా తగలకూడదని అన్నీ ఎత్తులో కట్టించాడట. స్టూలెక్కందే సగం అరలు అందవని ఎవరూ చేరడం లేదు. నాకు స్టూలెక్కడం ఒక లెక్కా?

ముందు భాగంలో ఇంటామె సోమక్క ఉంటుంది. భర్త పోయాడు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, “మీ ఆయప్ప యాడ? ఆడమనిషి ఒక్కతే అయితే నేను ఇల్లు ఇయ్యనమ్మా. నలుగురు వస్తాంటారు పోతాంటారు, నాకెందుకా తంటా?” అని. బయటి ఊళ్లో పని, వస్తుంటాడు పోతుంటాడు అన్నా. టమాటా సీజను అయ్యాక మా ఆయన భూపేష్ వస్తాడులే.

ఒక సాయం చెయ్యి. అన్న పాత చొక్కాలు రెండు మూడు ఉంటే పంపు. ఎందుకని అడక్కు.

నీ ఆడబిడ్డ,
శివజ్యోతి


కడప
17 జూన్

శివజ్యోతికి,

అడగొద్దంటే అడగకుండా ఉండే మనిషినా నేను?

ఇద్దరికి తొమ్మిది అల్మారాలెందుకు? పత్తికొండలో ఇల్లూ మొగుడూ ఉండగా హాస్టల్లో ఆరో మంచం నీకెందుకు? టమాటా సీజను అంటావు. శుక్రవారం భూపేష్ నాకు ఫోన్ చేశాడు. “అక్కా, మా ఆమె మీ ఇంట్లో ఉండాదా?” అన్నాడు. నీ మొగుడు నీ కోసం నా దగ్గర వెతుకుతున్నాడంటే నువ్వు అతనికీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇక్కడికి రాలేదు అని మాత్రం అన్నాను. అది నిజమే కాబట్టి నోరు తడబడలేదు.

మీ అన్న ఉండుంటే ఈపాటికి డ్యూటీ బస్సు దిగి నీ ముందు నిలబడేవాడు. నేను అలా రాలేను. లీవు పెడితే శ్రావణికి కారణం చెప్పాలి. దానికి డిగ్రీ పరీక్షలు. అందుకే రాస్తున్నా. నిజం రాయి. తిట్టను అని మాటివ్వలేను గానీ చదివాకే తిడతాను.

చొక్కాల సంగతి. మీ అన్న బట్టలన్నీ ఆ ఏడాదే చాకలికి ఇచ్చేశాం. ఇంట్లో ఏమీ లేవు.

రామసుబ్బమ్మ


మహిళా హాస్టల్, కర్నూలు
24 జూన్

వదినా,

సరే, విను. నేను భూపేష్‌ను వదిలేసి వచ్చాను. ఏప్రిల్‌లోనే. రాసేశాను.

కొట్టాడా అంటావు. కొట్టలేదు. తాగడు కూడా. అందుకే ఎవరికీ చెప్పలేకపోయాను. చెబితే, మరి దేనికమ్మా అంటారు.

పదేళ్లు నా బట్టలు మంచం కింద సూట్‌కేసులో ఉన్నాయి. ఇంట్లో అల్మారాలు అత్తవి, ఆయనవి, ఆడబిడ్డ శివానివి. పోనీ అనుకున్నా. కానీ పని మొదలుపెట్టాక ఊరివాళ్ల చీరలు కూడా ఆ మంచం కిందే పెట్టాల్సి వచ్చింది. మార్చిలో ఆలూరు పెళ్లికూతురి ముహూర్తం చీర వచ్చింది. కుచ్చిళ్లు పెట్టి మడిచి పెట్టా. నేను మార్కెట్‌కు పోయొచ్చేలోగా భూపేష్ దాన్ని తీసి శివానికి ఇచ్చాడు, ఎవరిదో గృహప్రవేశానికి. సాయంత్రం చీర తిరిగొచ్చింది. అంచు మీద నూనె మరక. “ఒక్క పూట కట్టుకుంటే అరిగిపోతాదా?” అన్నాడు. పెళ్లికూతురి తల్లి వీధిలో నిలబడి నన్ను అన్న మాటలు రాయను. ఆ రోజుతో పత్తికొండలో నా పని పోయింది.

అప్పుడడిగా, ఒక్క అల్మారా ఇవ్వు, తాళం వేసుకుంటా అని. “ఇంట్లో దొంగలుండారా తాళమేసుకోనీకి?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు వదినా. ఆ నవ్వు చూశాకే నాకు ఇక ఉండబుద్ధి కాలేదు.

వెనక్కి పోను. నువ్వు ఎంత తిట్టినా పోను. శ్రావణంలో ముహూర్తాలున్నాయి. కోసిగి నుంచి హులిగెమ్మ అనే ఆమె కూతురి పెళ్లికి ఏడు చీరలు ఇస్తానంది. చీరలు పెట్టుకునే చోటు చూపించు, అప్పుడిస్తా అంది. ఇల్లు లేకపోతే ఆ పని లేదు. మొగుడు లేకపోతే ఇల్లు లేదు. మొగుణ్ని తీసుకురాలేను కాబట్టి చొక్కాలు తెద్దామనుకున్నా. దండెం మీద రెండు మగ చొక్కాలు ఆరుతుంటే సోమక్కకు ధైర్యంగా ఉంటుంది. అన్నవి లేవన్నావు కదా, పాతబట్టల అంగట్లో ఏవో చూస్తా. ఎవరివో తెలియని చొక్కాలు ఉతకాలంటే మాత్రం మనసొప్పడం లేదు.

శివజ్యోతి


కడప
3 జూలై

శివజ్యోతీ,

ఎవరివో ఉతకొద్దు.

ఇచ్చేశానని నీకు అబద్ధం రాశాను. ఇవ్వలేదు. కరోనా రోజులు కదా, ఆసుపత్రి నుంచి మనిషిని చూపించలేదు. పన్నెండో రోజు చాకలిని పిలిచే వీలూ లేకపోయింది. తర్వాత పిలవొచ్చు. పిలవలేదు. మీ అన్న బట్టలన్నీ బీరువాలో ఉన్నాయి. శ్రావణికి తెలియదు. తాళం నా దగ్గర ఉంటుంది. బీరువాలో పొలం కాగితాలున్నాయని దానికి చెప్పాను. మనకు పొలమే లేదని అది ఇంకా ఆలోచించలేదు.

మూడు ఖాకీ చొక్కాలు పంపుతున్నా. మామూలు చొక్కాలు పంపలేను. ఎవరికీ తొడుక్కోవడానికి ఇవ్వకు. పని అయిపోగానే తిరిగి పంపు.

తిడదామని కూర్చున్నా. నీ ఉత్తరం రెండోసారి చదివాక భూపేష్ నంబరు ఫోన్‌లోంచి తీసేశాను.

రామసుబ్బమ్మ


వన్‌టౌన్, కర్నూలు
12 ఆగస్టు

వదినా,

కొత్త చిరునామా చూశావా? ఆషాఢంలో గడప మారకూడదని సోమక్క నెలంతా ఆపింది. హాస్టల్లో ఆ నెల రోజులూ కాళ్లు కాలిన పిల్లిలా తిరిగా. శ్రావణం రాగానే పాలు పొంగించి చేరిపోయా.

తొమ్మిది అల్మారాలూ తుడిచి కాగితాలు పరిచా. హులిగెమ్మ వచ్చి స్టూలెక్కి మరీ చూసింది. “ఈడ అయితే ఎలుక గూడా ఎక్కదులే” అని ఏడు చీరలూ ఇచ్చింది. వాటికి కిటికీ పక్క అల్మారా. ఎమ్మిగనూరు వాళ్లవి పక్కదాంట్లో. నావి, అంటే నా సొంతవి, తలుపు పక్కన ఒకటి మొత్తం! నా చీరలన్నీ ఒకదాని మీద ఒకటి కాకుండా పక్కపక్కన నిలబెట్టా. రోజుకు నాలుగుసార్లు తెరిచి చూసుకుంటున్నా. తాళం వేశానా లేదా అని మళ్లీ మళ్లీ పోయి లాగి చూస్తున్నా. ఎప్పుడు ఎవరు ఖాళీ చెయ్యమంటారో అన్న భయం ఇంకా పోలేదు.

చొక్కాలు బాగా పనిచేస్తున్నాయి. వారానికి రెండుసార్లు ఉతికి ముందు దండెం మీద వేస్తున్నా. ఖాకీ చూసి సోమక్క తానే తీర్మానించుకుంది. “ఆర్టీసీనా? చెప్పవేమ్మా! మా తమ్ముని కొడుకు గోపన్న గూడా కండక్టరే. డ్యూటీలని ఇంటి మొగమే చూడడు” అంది. నేను తల ఊపా. అంతే, భూపేష్‌కు ప్రభుత్వ ఉద్యోగం వచ్చేసింది.

కానీ మొన్న దండెం ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. “సొక్కాలు ఆరేస్తాండావు బాగుండాది. లుంగీ యాడ? నీ మొగుడు ఇంట్లో గూడా ఖాకీతోనే పండుకుంటాడా?” అంది. తర్వాత ఇంకోటి కూడా అడిగింది. అది నేను రాయలేను. నువ్వు ఊహించుకో. మనిద్దరం ఇన్ని ఉత్తరాలు రాసుకున్నాం, మగవాడంటే చొక్కా ఒక్కటే అనుకున్నాం చూడు!

వెంటనే పోయి ఒక గళ్ల లుంగీ కొని తడిపి ఆరేశా. సాయంత్రం సోమక్క తీసి నా చేతికిచ్చింది. దానికి కంపెనీ స్టిక్కరు అలాగే ఉంది. ఆమెకు ఎంత అర్థమైపోయిందో అని భయంగా ఉంది.

శివజ్యోతి


కడప
20 ఆగస్టు

శివజ్యోతీ,

నువ్వు రాయకుండా వదిలేసిన మాట నాకు అర్థమైంది. పంపను. ఆయన చెల్లెలికి ఆయన లోబట్టలు పార్సిల్ వేసేంత తెగింపు నాకింకా రాలేదు. అంగట్లో కొనుక్కో. ఈసారి ఒక రాత్రి నానబెట్టి, రాయి మీద పది బాదులు బాది ఆరెయ్యి. స్టిక్కరు పీకడం కూడా నేనే నేర్పాలా?

నువ్వు తెలివైనదానివని మీ అన్న ఊరంతా చెప్పుకునేవాడు. చెల్లెలి సంగతి ఆయనకు సరిగా తెలియదు.

ఒకటి అడగాలి. ముందు దండెం అన్నావు. అంటే ఎండలోనా? వీధిలో పోయేవాళ్లకు కనిపిస్తాయా? నేను నెలకోసారి అన్నీ ఉతుకుతాను. శ్రావణి కాలేజీకి పోయిన రోజు బాత్రూములోనే తాడు కట్టి ఆరేస్తాను, అది వచ్చేలోగా తీసేస్తాను. మబ్బు రోజుల్లో తడి ఆరక అలాగే మడిచి పెట్టాల్సి వచ్చేది. ఎండలో వెయ్యాలని చాలాసార్లు అనుకున్నా. చచ్చిపోయినవాడి చొక్కాలు దండెం మీద చూస్తే నలుగురూ ఏమంటారో నాకు తెలుసు.

నీ ఉత్తరం చదివి కోపం వచ్చింది. నేను మూడేళ్లుగా చెయ్యలేనిది నువ్వు అబద్ధం కోసం వారానికి రెండుసార్లు చేస్తున్నావు. తర్వాత కోపం పోయింది. ఎంతసేపు ఎండలో ఉంచుతున్నావో రాయి.

రామసుబ్బమ్మ


వన్‌టౌన్, కర్నూలు
29 ఆగస్టు

వదినా,

అంతా బయటపడిపోయింది. ముందు ఆ మాట రాస్తేగానీ మిగతాది రాయలేను.

సోమవారం మధ్యాహ్నం స్టూలెక్కి హులిగెమ్మ చీరలు సర్దుతున్నా. బయట మగగొంతు. సోమక్క తమ్ముని కొడుకు గోపన్న వచ్చాడు. ఖాకీ చూసి ఏ డిపోనో చూద్దామని చొక్కా కాలరు తిప్పాడట. నువ్వు ఎర్ర దారంతో పేరు కుట్టావు కదా, డిపో రెస్ట్‌రూములో చొక్కాలు కలిసిపోతాయని. అది విప్పెయ్యాలని నీకూ తట్టలేదు, ఉతికిన నాకూ తట్టలేదు. “నరసన్న, కడప” అని చదివి అతను అక్కడే నిలబడిపోయాడు. “అత్తా, ఈ ఆయప్ప బండికి నేను రెండేండ్లు పోయినా. పెండ్లాం ఎర్ర దారంతో కుట్టిందని మేమంతా ఎగతాళి చేస్తాంటిమి. కరోనాలో సచ్చిపోయినాడు గదత్తా!” అన్నాడు. అతని కళ్లలో నీళ్లు. కిటికీలోంచి చూస్తున్న నాకూ ఆగలేదు.

సోమక్క ఏడవలేదు. లోపలికొచ్చింది. “సచ్చినోని గుడ్డలు నా దండెం మీద ఆరేస్తావా? శ్రావణ మాసంలో! లచ్చిమి వచ్చే గడపకు ఎదురుగా! మూట కట్టుకో. ఈ పొద్దే పో” అంది.

స్టూలు మీదే నిలబడి అన్నీ చెప్పేశా. ఆయన నా అన్న అని, మొగుణ్ని వదిలేసి వచ్చానని, ఒక్కదాన్నే అని. చెప్పి, “ఆదివారం పెళ్లి ఉంది సోమక్కా. ఏడు చీరలూ ఆమె చేతికిచ్చేదాకా ఈ గడప దాటను. తర్వాత నువ్వు తోసెయ్యక్కర్లేదు, నేనే పోతా” అన్నా. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు. ఆమె విసురుగా పోయింది.

రెండు రోజులు మాట లేదు. నేను చొక్కాలు తీసేశా. పని చేస్తూనే మనసులో ఇళ్లు వెతుకుతున్నా, పన్నెండోది ఎక్కడ, పదమూడోది ఎక్కడ అని. నిన్న పొద్దున సోమక్క వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“కొడ్తాండెనా?”

“లేదు.”

“తాగుతాండెనా?”

“లేదు.”

“మరి?”

“అల్మారాకు తాళం ఇవ్వలేదు సోమక్కా.”

నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. అల్మారాల వంక చెయ్యి చూపించింది. “నా మొగుడు తొమ్మిది కట్టిచ్చినాడు. తొమ్మిది తాళాలూ మొలతాడుకే కట్టుకునె. నా చీర నాకు గావాలంటే ఆయప్పను అడగాల. సచ్చిపోయినాక, నీళ్లు పోసేటప్పుడు, మొలతాడు తెంచి తీసుకున్నా. అప్పటికి నాకు అరవై ఏండ్లు” అంది.

లేచి పోతూ తీర్పు చెప్పింది. “ఆ నరసన్నను ఖాళీ చేయించు. సచ్చినోని గుడ్డలు నా ఇంట్లో ఉండగూడదు, అది మాత్రం ఒప్పుకోను. నువ్వు ఉండు. అయితే వాకిట్లో నీ పేరుతో బోర్డు పెట్టు. ఎవురమ్మా ఆ ఒంటరిది అని అడిగితే నేను చెప్పలేను, చీరల పనామె అని వాళ్లే సదువుకుంటారు.”

వదినా, నాకు ఇల్లు దొరికింది! మొగుడు లేకుండా, అబద్ధం లేకుండా దొరికింది. బోర్డు మీద శివజ్యోతి అని ఒక్కటే రాయిస్తున్నా.

చొక్కాలు ఈ ఉత్తరంతో పంపుతున్నా. అడిగావు కదా, పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా ఎండలోనే ఉండేవి.

రాత్రంతా ఒకటే ఆలోచన. పదేళ్లు నా సూట్‌కేసు గురించి నేను ఏడ్చుకున్నా, సోమక్క ఆమె తాళాల గురించి చెప్పుకుంది. మీ ఇంట్లో ఉన్నది ఒక్క బీరువా. అది నిండా అన్న బట్టలు. మరి ఈ మూడేళ్లూ నీ చీరలు ఎక్కడ పెట్టుకుంటున్నావు వదినా? ఎప్పుడూ నేను అడగలేదు.

శివజ్యోతి


కడప
8 సెప్టెంబరు

శివజ్యోతీ,

బోర్డు ఫోటో శ్రావణి ఫోన్‌కు పంపావు. అక్షరాలు ఇంకొంచెం పెద్దవి ఉండాల్సింది.

పార్సిల్ నేను ఇంటికి తెచ్చి మంచం మీద పెట్టి స్నానానికి పోయా. వచ్చేసరికి శ్రావణి విప్పి కూర్చుంది. ఒక చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. నేను అబద్ధం వెతుక్కుంటుండగానే అది, “నాన్న వాసన రావడం లేదమ్మా, సర్ఫు వాసన వస్తోంది” అంది. బీరువా సంగతి దానికి మొదటి నుంచీ తెలుసట. నేను బాత్రూములో చొక్కాలు ఆరేసే రోజు కావాలనే కాలేజీ నుంచి ఆలస్యంగా వచ్చేదట. ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం మూడేళ్లు కాపలా కాశాం. పట్టుకుని ఏడ్చాం. నువ్వు ఉండాల్సింది.

నా చీరలు ఎక్కడ అని అడిగావు. నాలుగు దాని పుస్తకాల గూట్లో కింద, నాలుగు వంటింట్లో బియ్యం డబ్బా మీద సంచిలో. ఉద్యోగానికి అవే మార్చి మార్చి కట్టుకుంటున్నా. ఆఫీసులో ఎవరో ఒకసారి నా చీరకు పోపు వాసన వస్తోందన్నారు. నవ్వి ఊరుకున్నా.

నిన్న ఇద్దరం బీరువా తెరిచాం. మీ అన్నవి పై అరకు చేర్చాం. ఇవ్వలేదు, ఇస్తానని కూడా చెప్పను. మిగతా మూడు అరలూ తుడిచి నా ఎనిమిది చీరలు పెట్టాం. నువ్వు చెప్పినట్టు పక్కపక్కన నిలబెట్టినా రెండో అర సగం కూడా నిండలేదు. అంత చోటు ఖాళీగా కనిపిస్తుంటే నాకు నిద్ర పట్టలేదు. పొద్దున లేచి మళ్లీ తెరిచి చూశా.

శ్రావణి చిలకపచ్చది ఒకటి కొనుక్కోమంటోంది. ఆ రంగు కట్టుకునే వయసా, ఆ రంగు కట్టుకునే మనిషినా అని దాన్ని తిట్టా. అది వచ్చే ఆదివారం అంగడికి పోదామంది. నేను వద్దనలేదు.

రామసుబ్బమ్మ